ఊరి చేరువకు రావలసిన ఆసరా: ఆటిజం పిల్లల కుటుంబాలపై బీదర్ వైపు నుంచి ఒక సమీక్ష

బీదర్ నగరంలోని చిద్రి నుంచి సొంత రాష్ట్ర రాజధాని బెంగళూరు దాదాపు 700 కిలోమీటర్లు. పొరుగు రాష్ట్ర రాజధాని హైదరాబాద్ సుమారు 140. 1956 నవంబరు 1 దాకా బీదర్ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోదే. సరిహద్దు మారినా, పెద్దాసుపత్రి అవసరం పడితే జహీరాబాద్ మీదుగా తూర్పుకు బయల్దేరడం ఇక్కడి ఇళ్లలో పాత అలవాటు. గుండె ఆపరేషన్‌కో, కీళ్ల మార్పిడికో అయితే ఈ దూరం పెద్ద అడ్డు కాదు. ఒకసారి వెళ్లి, పని చూసుకుని తిరిగి రావచ్చు. ఆటిజం ఉన్న పిల్లల సంగతి అలా కాదు. వాళ్లకు కావలసింది వారం వారం, నెలల తరబడి, ఏళ్ల తరబడి సాగే సాయం. వారానికి మూడు సెషన్లకు 140 కిలోమీటర్లు ఎవరు తిరగగలరు? కొన్నాళ్లు తిరిగి అలసిపోయి మానేసేవాళ్లు ఉంటారు. తండ్రి ఉద్యోగం ఇక్కడ, తల్లీ బిడ్డా నగరంలో అద్దె గదిలో, ఇలా సంసారాన్ని రెండుగా చీల్చుకునేవాళ్లూ ఉంటారు.

ఇది బీదర్ ఒక్కదాని కథ కాదు. ఆదిలాబాద్, నారాయణపేట, శ్రీకాకుళం, రాయచూరు, బళ్లారి కుటుంబాలదీ ఇదే బాధ. ఆటిజం గురించి ఇప్పటిదాకా తెలిసిందేమిటి, ఏ సాయానికి రుజువుంది, ఏ చట్టం ఏమిస్తుంది, ఎక్కడ గండి పడింది అన్నవి ఒకచోట చేర్చి చూడాలన్నదే ఈ వ్యాసం ప్రయత్నం. నా అభిప్రాయం ముందే చెబుతాను. నిర్ధారణకు నగరానికి వెళ్లక తప్పకపోవచ్చు. ఆ తర్వాతి సాయం మాత్రం ఇంటికీ ఊరికీ దగ్గరగా రావాలి. అందుకు మొదటి మెట్టు తల్లిదండ్రులకు శిక్షణ.

తప్పు తల్లిది కాదు

1943లో అమెరికా వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం వైద్యలోకంలో ఒక ప్రత్యేక స్థితిగా గుర్తింపు పొందింది. ఇది పుట్టుకతో వచ్చినదని ఆయన ఆ వ్యాసంలోనే అన్నాడు. అయినా తర్వాత రెండు దశాబ్దాలకు పైగా నింద తల్లుల మీద పడింది. ప్రేమ చూపని తల్లి వల్లే బిడ్డ ముడుచుకుపోతోందన్న వాదాన్ని బ్రూనో బెటెల్‌హైమ్ 1967 నాటి పుస్తకంతో ఇంటింటికీ చేర్చాడు. ఆ వాదాన్ని అంతకు ముందే, 1964లో, సాక్ష్యాలతో ఎదుర్కొన్న బెర్నార్డ్ రిమ్లాండ్ మనస్తత్వశాస్త్రవేత్తే కాదు, ఆటిజం ఉన్న పిల్లవాడి తండ్రి కూడా. బ్రిటన్‌లో 1962లో, అమెరికాలో 1965లో తల్లిదండ్రులే పూనుకుని సంఘాలు పెట్టారు. మన దేశంలో 1991లో ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం మొదలుపెట్టిన మెర్రీ బరువా కూడా ఒక తల్లే. ఆటిజం చరిత్రలో పెద్ద మలుపులు చాలావరకు ఇళ్లలోంచే వచ్చాయి.

జన్యువుల పాత్ర ఇందులో చాలా ఎక్కువని ఇప్పుడు స్పష్టంగా తెలుసు. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. ఆ తర్వాత లక్షలాది పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లోనూ అలాంటి సంబంధం కనబడలేదు. ఇంత తెలిసినా మన ఇళ్లలో మాట మారలేదు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందనీ, బిడ్డను ఫోనుకు వదిలేసిందనీ, ఉద్యోగం మానలేదనీ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ మధ్య ‘వర్చువల్ ఆటిజం’ అనే మాట కూడా బాగా తిరుగుతోంది. వైద్యుల నిర్ధారణ గ్రంథాల్లో అలాంటి జబ్బు లేదు. పసివాళ్లకు ఫోను తగ్గించడం మంచిదే. ఫోను తీసేస్తే ఆటిజం పోతుందని నమ్మి ఏడాది ఎదురుచూడటం మాత్రం బిడ్డకు నష్టం.

ఎంతమంది పిల్లలు

ప్రపంచం మొత్తమ్మీద సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్క. మన దేశంలో గట్టి అధ్యయనం 2018లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. హైదరాబాద్ సహా ఐదు ప్రాంతాల్లో సుమారు 4,000 మంది పిల్లలను పరీక్షించారు. ఆటిజం, వినికిడి లోపం, మూర్ఛ, సెరెబ్రల్ పాల్సీ వంటి ఎదుగుదల సమస్యల్లో ఏదో ఒకటి 2 నుంచి 6 ఏళ్ల లోపు వారిలో 9.2 శాతానికి, 6 నుంచి 9 ఏళ్ల వారిలో 13.6 శాతానికి ఉన్నట్టు అంచనా వేశారు. వారిలో దాదాపు ఐదోవంతు పిల్లలకు ఒకటికి మించి సమస్యలున్నాయి. అంటే ప్రతి బడిలో, ప్రతి వాడలో ఇలాంటి పిల్లలున్నారు. మనకు కనబడకపోవడానికి ఒక కారణం, చాలా ఇళ్లలో ఆ బిడ్డను పెళ్లిళ్లకు, జాతరలకు తీసుకురాకపోవడమే.

అనుమానం నుంచి నిర్ధారణ దాకా

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకు కూడా కావలసిన వస్తువును వేలితో చూపించకపోవడం, రెండేళ్లు దాటినా రెండు మాటలు కలిపి అనలేకపోవడం, వచ్చిన మాటలు పోవడం, ఇవి ఆగకుండా డాక్టరుకు చూపించవలసిన గుర్తులు. వీటిలో చివరిది, అంటే వచ్చిన మాటలు పోవడం, ఏ వయసులో జరిగినా తక్షణం చూపించాలి. ఇక్కడే కాలం ఎక్కువ వృథా అవుతుంది. ‘మగపిల్లాడు కదమ్మా, మాటలు ఆలస్యంగా వస్తాయిలే’, ‘వాళ్ల మేనమామకూ నాలుగేళ్లకే వచ్చాయి’ అని పెద్దలు ధైర్యం చెబుతారు. ఆ ధైర్యం ప్రేమతో చెప్పిందే. కాని మెదడు వేగంగా ఎదిగే వయసులో ఒక్కో ఏడాదీ విలువైనది.

మొదట చేయించవలసింది వినికిడి పరీక్ష. పలకకపోవడానికి చెవుడు కారణమేమో బెరా పరీక్షతో తేలుతుంది. తర్వాత పిల్లల వైద్యుడు, క్లినికల్ సైకాలజిస్టు కలిసి ప్రవర్తనను గమనించి నిర్ధారిస్తారు. రక్తపరీక్షతోనో స్కానింగ్‌తోనో ఆటిజం తేలదు. 16 నుంచి 30 నెలల పిల్లలకు 20 ప్రశ్నల ఎం-చాట్ పరీక్ష అనుమానాన్ని బలపరుస్తుంది గాని, అదొక్కటే నిర్ధారణ కాదు. ఎంత ఉందో కొలవడానికి మన దేశానికే ఒక కొలమానం ఉంది. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ తయారుచేసిన ఐసా అనే 40 అంశాల పరీక్ష అది. అందులో 70 కన్నా తక్కువ వస్తే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 వస్తే స్వల్పం, 107 నుంచి 153 వస్తే మధ్యస్థం, అంతకు మించితే తీవ్రం. కేంద్రం 2016లో దీన్నే వైకల్య ధ్రువపత్రానికి ఆధారంగా ప్రకటించింది.

ఇదంతా జిల్లాలోనే మొదలుకావాలని 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం చెబుతోంది. దాని ప్రకారం సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడిపిల్లలను ఒకసారి చూడాలి. అనుమానం ఉన్నవారిని జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. చిద్రిలాంటి చోట ఉన్న కుటుంబం ఈ కేంద్రం గురించి మొదట అడగవలసిన చోటు బీదర్ వైద్య విజ్ఞాన సంస్థ, అంటే బ్రిమ్స్ ఆసుపత్రి. కేంద్రం ఉన్నంత మాత్రాన చాలదు. అక్కడ స్పీచ్ థెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, ప్రత్యేక ఉపాధ్యాయుడు రోజూ ఉంటున్నారా అన్నదే అసలు ప్రశ్న. ప్రజాప్రతినిధులను అడగవలసింది కూడా ఇదే.

హైదరాబాద్ దారి

సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో 1984లో ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. ఐసా పరీక్షను తయారుచేసింది ఇదే, దీని ఇప్పటి పేరు నైపిడ్. మేధోవైకల్యం ఉన్నవారి కోసం మొదలైన ఈ సంస్థలో ఆటిజం పిల్లలకూ పరీక్షలు, స్పీచ్ థెరపీ, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ), ప్రత్యేక విద్య, తల్లిదండ్రుల శిక్షణ ఒకేచోట దొరుకుతాయి. వినికిడి, మాటల సమస్యలకు అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఆ ఆవరణకు దగ్గరే. ఇవి కేంద్ర ప్రభుత్వ సంస్థలు కాబట్టి కర్ణాటక చిరునామా అడ్డు కాదు. తెలంగాణ ఆరోగ్యశ్రీ సరిహద్దు దాటి రాదు, నైపిడ్ తలుపు మాత్రం బీదర్ బిడ్డకూ తెరిచే ఉంటుంది. దూరం నుంచి వచ్చిన కుటుంబాలు ఉండి శిక్షణ పొందేందుకు ఫ్యామిలీ కాటేజీల సదుపాయం ఉందా, ఎప్పుడు ఖాళీ దొరుకుతుంది అన్నది ముందే కనుక్కుని వెళ్లడం మంచిది. కర్ణాటకలో నైపిడ్ కిందే దావణగెరెలో ఒక సమ్మిళిత ప్రాంతీయ కేంద్రం నడుస్తోంది. బెంగళూరు నిమ్హాన్స్, మైసూరు వాక్ శ్రవణ సంస్థ పేరున్నవే అయినా బీదర్‌కు రాష్ట్రం అవతలి చివర ఉన్నాయి.

నగరానికి వెళ్లిన కుటుంబం అక్కడినుంచి తెచ్చుకోవలసింది నిర్ధారణ కాగితం ఒక్కటే కాదు. ఇంట్లో రోజూ ఏం చేయాలో రాసిన పథకం, ఎలా చేయాలో చేసి చూపించిన శిక్షణ, మళ్లీ ఎప్పుడు చూపించాలన్న తేదీ, మధ్యలో వీడియో కాల్ ద్వారా మాట్లాడే వీలు, ఈ నాలుగూ అడిగి తీసుకోవాలి. ఇవి చేతిలో ఉంటే మూడు నెలలకోసారి వెళ్లినా ప్రయాణం వృథా కాదు.

ఏ సాయానికి రుజువుంది

ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. తీవ్రమైన చిరాకు, తనను తాను గాయపరచుకోవడం వంటివాటికి రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటి మందులు డాక్టరు పర్యవేక్షణలో కొంత ఉపయోగపడతాయి. మూర్ఛ, నిద్ర సమస్య ఉంటే వాటికి వేరే చికిత్స ఉంది. మిగిలిన సాయమంతా నేర్పించడమే. మాటకు స్పీచ్ థెరపీ, బొత్తాం పెట్టుకోవడం, పళ్లు తోముకోవడం, శబ్దాలకు బెదరకుండా ఉండటం వంటివాటికి ఓటీ, చదువుకు ప్రత్యేక విద్య, ప్రవర్తనకు ఏబీఏ (అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్). 1987లో అమెరికా మనస్తత్వశాస్త్రవేత్త లోవాస్ ఈ ఏబీఏ పద్ధతిలో వారానికి 40 గంటల శిక్షణతో గొప్ప ఫలితాలు వచ్చాయని ప్రకటించాక గంటల లెక్క ఒక మంత్రంలా మారింది. తర్వాతి పరిశోధకులు ఆ అధ్యయనం నిర్మాణంలోని లోపాలను చూపించారు. పిల్లవాణ్ణి గంటల తరబడి కుర్చీలో కూర్చోబెట్టి ఆజ్ఞలు పాటింపజేయడాన్ని పెద్దవాళ్లయిన ఆటిజం వ్యక్తులే గట్టిగా ప్రశ్నించారు. ఇప్పుడు మొగ్గు ఆటలో, అన్నం తినేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు సహజంగా నేర్పే పద్ధతుల వైపుంది.

మన పరిస్థితికి అతి ముఖ్యమైన ఆధారం 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చింది. గోవాలోనూ, పాకిస్థాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లల కుటుంబాలతో చేసిన ప్రయోగం అది. ప్రత్యేక డిగ్రీలు లేని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, 12 సెషన్ల పాటు తల్లిదండ్రులకు నేర్పించారు. బిడ్డతో ఆడుకుంటున్న వీడియో తీసి, బిడ్డ ఎటు చూస్తే అటు వెళ్లడం, బిడ్డ చేసిన చిన్న సైగకూ బదులివ్వడం తల్లికి చూపించడమే అందులో ప్రధానం. తల్లిదండ్రుల స్పందన మెరుగైంది. పిల్లలు తమంతట తాము పలకరించే ప్రయత్నం పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 9 సామూహిక తరగతులు, 3 ఇంటి సందర్శనలతో సంరక్షకుల శిక్షణ పథకం తయారుచేసింది. ఇవి నిపుణులకు ప్రత్యామ్నాయం కావు. నిపుణులు లేని జిల్లాలో చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదని మాత్రం నిరూపించాయి. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ఉన్న ఏ వాడలోనైనా ఈ పని మొదలుపెట్టవచ్చు.

మాట రాని బిడ్డకు బొమ్మల కార్డులు ఇస్తే ఇక మాట్లాడటం మానేస్తాడని చాలామందికి భయం. ఆ భయానికి ఆధారం లేదు. నీళ్లు కావాలని కార్డుతో అడగగలిగిన పిల్లవాడికి అరవాల్సిన అవసరం తగ్గుతుంది, కొందరికి దాంతోపాటు మాట కూడా వస్తుంది.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ

బీదర్‌లో ఒక బిడ్డ చెవిన పడే భాషలు ఎన్నో. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బజారులో దక్కనీ ఉర్దూ, పక్కింట్లో మరాఠీ. థెరపీ కేంద్రంలో ఇంగ్లీషు. ‘భాషలు ఎక్కువై గందరగోళపడుతున్నాడు, ఒక్క ఇంగ్లీషే మాట్లాడండి’ అనే సలహా చాలా కుటుంబాలు వింటాయి. 2012లో మాంట్రియల్ పరిశోధకులు ఆటిజం ఉన్న పిల్లల్లో ఒక భాష వినేవారినీ, రెండు భాషలు వినేవారినీ పోల్చి చూశారు. రెండు భాషల వల్ల అదనపు ఆలస్యం కనబడలేదు. తర్వాతి అధ్యయనాలూ అదే చెప్పాయి. నానమ్మ, తాతయ్య, తల్లి ఏ భాషలో నవ్వుతారో, కోప్పడతారో, జోకొడతారో ఆ భాషే బిడ్డకు మనుషులతో మొదటి వంతెన. రాని ఇంగ్లీషులో తల్లి నాలుగు ముక్కలు పలికితే ఆ వంతెన సన్నబడుతుంది. కాబట్టి ఇంట్లో తెలుగే మాట్లాడండి. థెరపీలో నేర్పే పదాలను తెలుగులోనూ అడిగి రాయించుకోండి.

ఆశను అమ్మేవాళ్లు

భయపడిన తల్లిదండ్రుల చుట్టూ వ్యాపారం త్వరగా అల్లుకుంటుంది. మూలకణాల చికిత్సకు లక్షలు తీసుకునేవారున్నారు. 2022 డిసెంబరులో జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం ఆటిజానికి మూలకణ చికిత్స సిఫారసు చేయదగినది కాదనీ, అలా ప్రచారం చేయడం వృత్తి దుష్ప్రవర్తన అవుతుందనీ ప్రకటించింది. ఒంట్లోని లోహాలు తీసేస్తామనే కీలేషన్ ప్రమాదకరం. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఐదేళ్ల ఆటిజం బాలుడు దానివల్ల చనిపోయాడు. ఆక్సిజన్ గదుల చికిత్సకు, గోధుమ, పాలు మాన్పించే ఆహార నియమాలకు గట్టి రుజువు లేదు. పైగా ఉన్నదే కొద్ది రకాలు తినే పిల్లలకు ఈ ఆహార నియమాలు పోషకాహార లోపం తెచ్చిపెట్టవచ్చు.

థెరపీ కేంద్రంలో చేర్చే ముందు కొన్ని ప్రశ్నలు అడగండి. ప్రత్యేక ఉపాధ్యాయుడికి, సైకాలజిస్టుకు భారత పునర్వాస మండలి నమోదు సంఖ్య ఉందా? సెషన్ చూడటానికి తల్లిదండ్రులను లోపలికి రానిస్తారా? మూడు నెలల లక్ష్యాలు రాసిస్తారా? కొట్టడం, గదిలో బంధించడం లేదని హామీ ఇస్తారా? ఏడాది ఫీజు ముందే కట్టమనే చోట, నయం చేస్తామని మాటిచ్చే చోట చేర్చకండి.

కాగితాలు, హక్కులు

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం పేరు పెట్టి చెప్పిన నాలుగు స్థితుల్లో ఆటిజం ఒకటి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లోనూ అది ఉంది. 40 శాతం, ఆపై వైకల్యం ఉన్నవారికి 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. స్వావలంబన్ పోర్టల్ ద్వారా తీసుకునే వైకల్య గుర్తింపు కార్డు, అంటే యూడీఐడీ కార్డు, దేశమంతా చెల్లుతుంది. చిన్న వయసులో దాన్ని తాత్కాలికంగా ఇచ్చి తర్వాత మళ్లీ పరీక్షిస్తారు. కార్డు తీసుకుంటే బిడ్డ మీద ముద్ర పడుతుందని కొందరు వెనకాడతారు. ముద్ర వేసేది లోకం, కార్డు కాదు. కార్డు లేకపోతే పింఛను, బీమా, పరీక్షల్లో అదనపు సమయం వంటివి పొందడం కష్టం.

నేషనల్ ట్రస్ట్ నిరామయ బీమా లక్ష రూపాయల దాకా ఇస్తుంది. ముందస్తు వైద్య పరీక్ష అడగదు, పరిమితికి లోబడి థెరపీ ఖర్చు కూడా ఇస్తుంది. కర్ణాటకలో గ్రామ పంచాయతీ స్థాయిలో గ్రామ పునర్వసతి కార్యకర్తలు, తాలూకా స్థాయిలో వారిపై మరొకరు, పట్టణాల్లో పట్టణ కార్యకర్తలు ఉన్నారు. దరఖాస్తులు నింపించడం వాళ్ల బాధ్యత. వాళ్ల పేరు కనుక్కోవడం చిద్రి కుటుంబానికి ఉపయోగపడే మొదటి పనుల్లో ఒకటి.

బడి విషయంలో చట్టానికీ ఆచరణకూ దూరం ఇంకా చాలా ఉంది. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు, పై స్థాయిలో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. పోస్టులు ప్రకటించి భర్తీ చేయాలని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్లీ ఆదేశించింది. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ చెప్పవలసి రావడమే పరిస్థితిని తెలుపుతుంది. సీటు నిరాకరించిన బడి నుంచి కారణం రాతపూర్వకంగా అడగండి. చాలా బడులు అక్కడే మెత్తబడతాయి.

తల్లికీ ఒక ఆసరా

ఈ భారం ఎక్కువగా మోసేది తల్లి. ఉద్యోగం మానేది ఆమె, రాత్రి నిద్ర లేనిది ఆమెకు, బంధువుల మాటలు పడేదీ ఆమె. తండ్రి డబ్బు సమకూర్చడంతో సరిపెట్టుకుంటే చాలదు, రోజులో ఒక గంట బిడ్డ బాధ్యత పూర్తిగా తీసుకోవాలి. తోబుట్టువులనూ మరవకూడదు. తమ్ముణ్ణి చూసుకునే అక్కకూ తన చదువు, తన స్నేహాలు ఉండాలి. కుంగుబాటు ఎక్కువైతే 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడవచ్చు.

‘మేం పోయాక వీణ్ణెవరు చూస్తారు?’ అన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఉంది. 18 ఏళ్లు నిండాక అవసరమైతే జిల్లాధికారి అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ ద్వారా చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించుకోవచ్చు. కాని పెద్దవాళ్లయిన ఆటిజం వ్యక్తులకు పని, నివాసం, తోడు కల్పించే ఏర్పాట్లు మన జిల్లాల్లో చాలా తక్కువ. ఐదేళ్ల పిల్లవాడి కోసం వెతుకులాటలో ఉన్న సమాజం ఇరవై ఐదేళ్ల యువకుడి గురించి ఇంకా ఆలోచించడమే మొదలుపెట్టలేదు. ఈ సమీక్షలో నాకు కనబడిన అతి పెద్ద గండి ఇదే.

జరగవలసింది

తెలుసుకోవలసింది చాలావరకు తెలిసిపోయింది. ఏ వయసులో గుర్తించాలో, ఎలా కొలవాలో, తల్లిదండ్రులకు ఏం నేర్పాలో, ఏ చికిత్స మోసమో తెలుసు. చట్టాలు ఉన్నాయి. లేనిది జిల్లాలో శిక్షణ పొందిన మనిషి. హైదరాబాద్, బెంగళూరుల్లో మరో పెద్ద కేంద్రం కట్టడం కన్నా బీదర్ వంటి ప్రతి జిల్లాలో ఇద్దరు థెరపిస్టులను, ఇద్దరు ప్రత్యేక ఉపాధ్యాయులను శాశ్వత ఉద్యోగాల్లో నియమించి, వారి చేత అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు నేర్పించడం చవక, ఫలితమూ ఎక్కువ. బీదర్ ఉన్న కల్యాణ కర్ణాటక ప్రాంతానికి రాజ్యాంగంలోని 371జె అధికరణం ప్రత్యేక అభివృద్ధి మండలిని ఇచ్చింది. దాని నిధుల్లో ఈ పిల్లల వాటా అడగడం న్యాయమే.

చివరిగా, బిడ్డపై ఇప్పుడే అనుమానం కలిగిన తల్లిదండ్రులకు ఒక మాట. ఈ వారమే వినికిడి పరీక్ష చేయించండి. ఈ నెలలోనే ఎదుగుదల పరీక్షకు తేదీ తీసుకోండి. నిర్ధారణ కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా ఇవాళ్టి నుంచే రోజూ కొంతసేపు నేల మీద కూర్చుని బిడ్డ ఆడే ఆటే ఆడండి. మీలాంటి మరో రెండు కుటుంబాలను వెతికి కలవండి. జిల్లా కార్యాలయానికి ఒక్కరు వెళ్లి పెట్టే అర్జీ కన్నా పది కుటుంబాలు కలిసి పెట్టే అర్జీకి విలువ ఎక్కువ.